ఇంటి నంబరు సరిచేయించిన జకరయ్యగారు

ఊపిరి పోసేవాడూ, దాన్ని తిరిగి అడిగే హక్కు గలవాడూ అయిన ప్రభువుకు స్తోత్రం. ఈ వారం ఈ ఒక్క వాక్యం రాయడమే నాకు కష్టమైంది.

మన చిట్కుల్ సంఘ పెద్ద జకరయ్యగారు లేరు. బుధవారం పొద్దున ఇద్దరు వచ్చి, పూర్తి పేరుతో పిలిచి, తలుపు తీయగానే గుమ్మంలోనే పొడిచి చంపారు. కబురు విన్నప్పుడు పొయ్యి ముందున్నాను. పొయ్యి ఆర్పానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆదివార బడిలో నాకు వాక్యం నేర్పింది ఆయనే. మన మందిరంలో ప్రతి పెళ్లికీ సాక్షి సంతకం ఆయనదే. కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివిగానీ సంతకం చేసేవారు కాదు. నా పెళ్లిలో పాస్టరుగారు విసుక్కుంటే, "రేపు వీళ్లు కొట్లాడుకుంటే నన్నే గద పిలుస్తరు, జెర చదువనియ్యుండ్రి" అన్నారు. "సంతకమంటే దేవుని ముందర చెప్పిన మాట బిడ్డా" అని నాకెన్నిసార్లు చెప్పారో.

బొల్లారం మందుల కంపెనీల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన ముక్కు ఆయనది. మూతపడిన ఒక షెడ్డులో కల్లులో కలిపే మత్తుమందు తయారవుతోందని, కంపెనీ బస్సులో పోతూ వాసనతోనే పసిగట్టారు. ఆ కల్లు దొరక్క వణికిపోయేవాళ్లను ఆస్పత్రికి మోసిన మనిషి, ఊరుకోలేకపోయారు. ఎస్సైకి చెప్పారు. ఆ ఎస్సై మామూలు బట్టల్లో మన మందిరం అరుగు మీదికి వచ్చారు. చాయ్ ఇచ్చింది నేనే. "నీ పేరు బయటికి రాదు పెద్దాయనా, జిమ్మేదారి నాది" అన్న మాట నా చెవులతో విన్నాను.

పోలీసులు ఆ షెడ్డు మీద దాడి చేసిన రోజున, చోటు చూపించమని జకరయ్యగారిని జీపులో తీసుకెళ్లారు. పంచనామాకు సాక్షి కావాలంటే చుట్టుపక్కల ఎవరూ తలుపు తీయలేదు. "నువ్వే ఒక సంతకం పెట్టు, పనైపోతది" అన్నారట ఎస్సై. ఈయన అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. ఇంటి నంబరు తప్పు పడిందని కొట్టేయించి, సరైనది రాయించారు. మర్నాడు ఆ సంగతి మాకు నవ్వుతూ చెప్పారు. మేమూ నవ్వాం.

ఆ కాగితం నకలు షెడ్డులో పట్టుబడిన ముద్దాయిలకు ఇచ్చి తీరాలట. మాకు తెలియదు. ఎస్సైకి తెలుసు. బెయిలు మీద వచ్చినవాళ్లు సరిగ్గా ఆ నంబరుకే వచ్చారు.

సమాధి చేసిన మర్నాడు ఆయన భార్య మార్తమ్మగారితో స్టేషనుకు వెళ్లాను. "మీ ఆయన మాకు ఖబర్ ఇచ్చిండని ఏడ రాసుంది? సాక్షిగ పిలిచినం, అంతే" అన్నారు ఎస్సై.

"మరి షెడ్డెవలు సూపిచ్చిండ్రు సారూ? మీ జీపుకు కండ్లున్నయా?" అన్నారు మార్తమ్మగారు.

ఎస్సై టోపీ తీసుకుని బయటికి నడిచారు.

చంపినవాళ్లు పట్టుబడ్డారు. పేరును వాళ్ల చేతికిచ్చిన అధికారిని అడిగేదెవరు? మేము కలిసిన వకీలు సాబ్ ఆశ పెట్టలేదు. "డ్యూటీల చేసిన పనంటరు. సర్కారు అనుమతి లేకుంటే కేసు నడవదమ్మా. మాట ఇచ్చిండనేటందుకు కాగితం లేదు. నువ్వు విన్నదొక్కటే ఉంది."

ఆ ఒక్కటి రాసిచ్చాను. అది చాలదని నాకు తెలుసు. వచ్చే నెల మందిరంలో పెళ్లి ఉంది. సాక్షి చోట సంతకం చేయడానికి ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన స్థానం ఎంత ఖాళీ అయిందో అంతకంటే చెప్పలేను.

సంతకం పెట్టే ముందు నా వాంగ్మూలం మొత్తం చదివాను. ఇంటి నంబరు దగ్గర చేయి ఆగిపోయింది. నా పిల్లలు ఉండేదీ ఆ ఇంట్లోనే. సరైన నంబరే రాశాను. ప్రియులారా, నన్ను కోర్టుకు పిలిచే రోజున నా నోరు పెగిలేలా నాతో కలిసి ప్రార్థించండి.