రాజవ్వ దించనివ్వని గొట్టం

మొన్న బంధువుల పెళ్లిలో వంటశాల వెనక్కి వెళ్తే డీజిల్ పొగ గుప్పుమంది. అంట్లు తోముతున్న ఆడవాళ్ల పక్కనే జనరేటర్ పెట్టారు. ఇదేమిటని అడిగితే పెళ్లికొడుకు తండ్రి "వాళ్లకు అలవాటే తియ్ బావా" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. దాన్ని అవతలికి జరిపేదాకా విస్తరి ముందు కూర్చోలేదు. అరవై దాటినా ఈ ముక్కోపమేమిటని మా ఆవిడ సణిగింది. ఈ కోపం నాకు రాజవ్వ ఇచ్చింది.

ఎనభైలలో నేను ఒక పటేల్ దగ్గర లారీ డ్రైవర్ని. మందమర్రి పక్కన ఒక డిపోలో బొగ్గు నింపుకొని హుజూరాబాద్ వైపు ఇటుక బట్టీలకు తోలేవాణ్ని. పాత బండి. సెల్ఫ్ పట్టదు, ఆపితే నలుగురు తోయాలి. అందుకని నింపినంతసేపూ ఇంజను నడుస్తూనే ఉండేది. సైలెన్సర్ గొట్టం ఎడమ పక్క కిందనుంచి బయటికి వచ్చేది. తట్టలు మోసే ఆడవాళ్లు లారీలోకి ఏటవాలుగా వేసిన బల్లెక్కేది సరిగ్గా అక్కడే. రాజవ్వ వాళ్లకు మేస్త్రి. మనిషి సన్నం, గొంతు మాత్రం డిపో అంతా వినపడేది. ఒకరోజు కడుపుతో ఉన్న లచ్చవ్వ ఆ పొగకు కళ్లు తిరిగి బల్ల మీదనుంచి పడింది. అదృష్టం బాగుండి బతికిపోయింది. రాజవ్వ నేరుగా పటేల్ దగ్గరికి పోయింది.

"పటేలా, గా గొట్టం జర మీదికి పెట్టియ్యుండ్రి. పొగకు పానాలు పోతున్నయ్."

"బొగ్గు మోసేటోళ్లకు పొగేందే? మీకు అలవాటే గదా" అని నవ్వాడు.

ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

ఆ మాఘంలో పటేల్ కుటుంబం అదే లారీలో గడ్డి పరిచి, పైన జంపఖానాలు వేసుకొని జాతరకు బయలుదేరింది. ఊరు దాటకముందే పటేల్ భార్య పొగకు తాళలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వెంటనే పటేల్ బండిని వెల్డింగ్ షెడ్డుకు తిప్పించాడు. గొట్టాన్ని క్యాబిన్ వెనక నిలువుగా, టాపు కంటే ఎత్తుకు లేపి బిగించారు. రాజవ్వ అడిగితే కానిది ఒక్క పూటలో అయిపోయింది!

జాతర నుంచి వచ్చాక డిపోకు వెళ్తే ఆడవాళ్లు ఆ గొట్టాన్ని చూసి మురిసిపోయారు. వారం తిరగకుండానే పటేల్ దాన్ని మళ్లీ కిందికి దించమన్నాడు. వేడి గొట్టం దగ్గర బొగ్గు పోయకూడదని ఆ మూల కాస్త ఖాళీ ఉంచుతున్నాం. ఆ నాలుగు తట్టలు తగ్గుతున్నాయని ఆయన బాధ. నేను సంగతి చెప్పగానే రాజవ్వ తట్ట బోర్లించి లారీ ముందు కూర్చుంది. పటేల్ వచ్చినా లేవలేదు.

"పటేలమ్మకు ముక్కున్నది, మాకు లేదా? గొట్టం దించితే గీ లారీల ఒక్క తట్ట పడది."

పటేల్ వేరే కూలీల గుంపులను పిలిచాడు. ఒక్కరూ రాలేదు. అటు బట్టీల వాళ్లు బొగ్గు ఏదని గోల చేస్తుంటే చివరికి దిగివచ్చాడు. అదీ ఎలా! గొట్టం ఉంటుందట, రాజవ్వ మాత్రం ఇక తన లారీల దగ్గర కనపడకూడదట. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. తెలిసే అన్నాడు. ఆడవాళ్లంతా మేమూ రామని లేచారు. బండి తాళంచెవి ఆయన ముఖాన కొడదామని నేనూ బండి దిగాను. రాజవ్వ నా రెక్క పట్టుకుంది.

"ఏడికి తమ్మీ? నువ్వు గూడ పోతే కొత్త డ్రైవర్‌తోని రేపే దించిపిస్తడు. ఎక్కు." ఆడవాళ్ల వైపు తిరిగి, "మీరు గూడ తట్టలెత్తుండ్రి" అంది.

"మరి నువ్వెట్ల బతుకుతవక్కా?" అన్నాను.

"నా ఫికర్ నాకున్నది. గొట్టం నువ్వు చూస్కో."

తట్ట తీసుకొని రోడ్డు పట్టి వెళ్లిపోయింది. ఇచ్చోడ దిక్కు పత్తి ఏరడానికి పోయిందని తర్వాత విన్నాను. మళ్లీ చూడలేదు.

పటేల్ ముఖం చూస్తేనే నాకు కంపరం. అయినా ఆయన దగ్గరే ఉన్నాను. మంచి జీతమిస్తామని పిలిచినా ఇంకెక్కడికీ పోలేదు. మళ్లీ మళ్లీ దించమన్నాడు, బండిని షెడ్డు వైపు తిప్పనన్నాను. లారీ తుక్కుకు పోయేదాకా గొట్టం పైనే ఉంది. ఈ సంగతి విన్నవాళ్లు, మీరే గెలిచారు కదా, ఇంకా కోపమెందుకని అడుగుతారు. గెలిస్తే మరి రాజవ్వ ఏదీ?