మా నానమ్మ వెనక్కి తీసుకున్న పరిశోధన

బ్రహ్మరాతకు మార్కులు వేయగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, మా నానమ్మ ప్రభావతి. వేసినా ముప్ఫై ఐదు దాటనివ్వదు. ఇంటర్ రెండుసార్లు తప్పి అబిడ్స్‌లో ఫోన్లకు అద్దాలు మార్చుకుంటున్న నేను చెబుతున్నాను, నమ్మండి. ఆమె చేతిలో తక్కువ మార్కులు తిన్నవాళ్లలో బ్రహ్మ తర్వాత నేనే.

నానమ్మ జన్యుశాస్త్రవేత్త. ఆమె పనంతా మతిమరుపు మీద. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయే మతిమరుపు కాదు, అరవై నిండకముందే కన్నబిడ్డలను కూడా గుర్తుపట్టనివ్వని అల్జీమర్స్. అది కొన్ని ఇళ్లలో తరం నుంచి తరానికి ఎలా దిగుతుందో ఆమె వెతికేది.

అలా దొరికిన ఇల్లు గట్టయ్యది. నాంపల్లి స్టేషన్‌లో మూటలు మోసినవాడు, స్టేషన్ వెనక గల్లీలోనే ఉంటాడు. అతని భార్య పోశవ్వకు ఆ జబ్బు. ఆమె తల్లికీ, అన్నకూ అదే. నానమ్మ వాళ్లింట్లో చాప మీద కూర్చుని ఎవరు ఎవరికి పుట్టారో అడిగి చెట్టులా గీసుకుంది. అందరి రక్తం తీసుకుంది. జబ్బున్నవాళ్లందరి జన్యువులో ఒకే చోట ఒకే తేడా కనబడింది. దొంగ దొరికాడనుకుంది.

కానీ అదే తేడా అంజన్ రక్తంలోనూ ఉంది. అంజన్ గట్టయ్య తమ్ముడి కొడుకు, పోశవ్వ రక్తం కాదు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాడు. ఏది అడిగినా ఏ కుప్పలో ఉందో చూడకుండా లాగి ఇస్తాడు. బయటి రక్తం, చురుకైన మనిషి. అతనిలోనూ ఉందంటే ఆ తేడాకు పాపం తెలియదనే కదా! నానమ్మ అలాగే రాసింది, అచ్చయింది. వేరే దేశాలవాళ్లు కూడా ఆమె మాట నమ్మి ఆ తేడాను పట్టించుకోవడం మానేశారు.

పోయినేడు పోశవ్వను చూడటానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్లింది. అంజన్ అక్కడే ఉన్నాడు. పోశవ్వ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నేను ఇయ్యనన్న కొడుకా. మీ నాయినే ఇచ్చిండు."

అంజన్ నవ్వాడు. "చూసిన్రా అమ్మా, మా పెద్దమ్మకు ఇయ్యాల నేను కొడుకునైన. మొన్నేమో వాళ్లన్ననైతి."

నేనూ నవ్వాను. నానమ్మ నవ్వలేదు. గట్టయ్యను గల్లీలోకి పిలిచింది.

"పిల్లలెంతమంది అంటే ఇద్దరన్నవు గద, గట్టయ్యా?"

"ఇద్దరే గదమ్మా. ఇచ్చినోన్ని మల్ల మా లెక్కల ఎట్ల వేసుకుంటం? తమ్మునికి పిల్లల్లేకుండె. పురిట్లనే వాళ్ల ఒళ్లె వెట్టినం. వానికి తెల్వదు. పెంచిన తల్లి ఇంకా ఉన్నది. ఇది బైటవడితే ఆమె పానం పోతది. మీ కాల్మొక్త, ఎవ్వరికి చెప్పకున్రి."

ఇచ్చిన బిడ్డను మళ్లీ తమ బిడ్డ అనకపోవడం ఆ ఇళ్లలో మర్యాద. ఇన్ని ఇళ్లు తిరిగిన నానమ్మ 'కని ఎవరికైనా ఇచ్చారా' అని ఒక్క మాట అడగలేదు. పాపం తెలియదని ఆమె రాసిన తేడాయే అసలు దొంగ. అంజన్ తప్పించుకోలేదు. జబ్బు బయటపడే వయసు అతనికి ఇంకా రాలేదు, అంతే.

ఆ వ్యాసాన్ని నానమ్మ తనే వెనక్కి తీసుకుంది. 'వంశవృక్షం గీయడంలో తప్పు నాది' అని మాత్రం రాసింది. అంతకుమించి రాస్తే అంజన్ కూతురు కీర్తి చదువుతుంది. ఆ పిల్ల డిగ్రీలో జన్యుశాస్త్రమే చదువుతోంది.

ఆమెతో కలిసి పనిచేసిన మల్లేశ్వరరావు బషీర్‌బాగ్ నుంచి ఫోన్ చేశాడు. "మేడం, మీరు దొంగలెక్కలు అల్లిన్రని అందరు అంటున్నరు. అసలు కారణం చెప్పండి."

"రాసిన గద. తప్పు నాది."

ఇప్పుడు నెట్‌లో ఆమె పేరు కొడితే ముందు వచ్చేది వెనక్కి తీసుకున్న ఆ వ్యాసమే. ముప్ఫై ఏళ్ల మిగతా పని దాని కింద పడి ఉంటుంది.

"నీ రికార్డు నా ఇంటర్ మెమో లెక్కైంది నానమ్మా" అన్నాను.

"నీకు సప్లిమెంటరీ ఉండెరా. నాకు లేదు."

అయినా ప్రతి ఆదివారం అంజన్ దగ్గరికి పోతుంది. మొన్న అతను పుస్తకాలు సర్దుతూ అడిగాడు. "అమ్మా, మా పెద్దమ్మ రోగం మాకు రాదు గద? మా కీర్తి ఊకె ఫికర్ చేస్తది."

రాదు అనలేదు నానమ్మ. వస్తుందనీ అనలేదు. "ఎవ్వరికీ గ్యారంటీ లేదు బిడ్డా. ఏమన్న మర్చిపోతున్నట్టు అనిపిస్తే ముందుగాల నా దగ్గరికి రా."

అతను తలూపి, "ఇది మీకోసమే దాచిన" అంటూ ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. కిందటి ఆదివారం అదే మాట అంటూ అదే పుస్తకం ఇచ్చాడు. నానమ్మ తీసుకుంది. ఇంటిదాకా దాన్ని సంచిలో పెట్టలేదు, చేత్తోనే పట్టుకుని నడిచింది.

ఇల్లు చేరాక ఉండబట్టలేక అన్నాను. "ఇదంతా నేను రాస్త. అంజన్ పేరు మారుస్త, గల్లీ మారుస్త, వాళ్ల పని మారుస్త. నీ పేరొక్కటి పెద్దక్షరాలతోని పెడత. నువ్వు అల్లలేదని అందరికీ తెల్వాలె."

నానమ్మ కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"నా పేరు పెడితే వాళ్లను పట్టుకునుడు ఎంతసేపురా గాడిదా? నాది గూడ మార్చు."