రైలు కంటే ముందు కట్టిన ప్లాట్‌ఫారం

మా ముత్తాత తండ్రి చెన్నూరు వైపు పదకొండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా ముత్తాతకు ఆ పదకొండు ఊళ్ళతో పాటు ఒక ఏనుగు, రెండు చిన్న ఫిరంగులు, గోదావరి రేవులో పడవల హక్కు సంక్రమించాయి. మా తాత నాటికి ఊళ్ళు నాలుగయ్యాయి, ఏనుగు చచ్చిపోయింది. మా బాపు నాటికి కోటలాంటి మా ఇల్లు, గడీ, ఒక్కటే మిగిలింది. నా నాటికి గడీలో తూర్పు గోడ, దాని ముందున్న జాగా మిగిలాయి. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి, ఇప్పుడు రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఎవరి జాలి కోసమో ఇది చెప్పడం లేదు. నేను ఎవరెవరి తర్వాత వచ్చానో తెలియకపోతే, మొన్న ఎండాకాలంలో ఒక టీ హోటల్‌లోంచి లేచి పోయి ఒక కాగితం మీద ఎందుకు సంతకం పెట్టానో అర్థం కాదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఉగాది నాడు గడీ ముందు అయ్యగారు పంచాంగం చదవడం పూర్తయ్యాక, ఇంటి పెద్ద లేచి నిలబడి రాబోయే కాలం గురించి తన మాట ఒకటి చెప్పేవాడు. దాన్ని దొర మాట అనేవారు. గ్రహాలతో దానికి సంబంధం లేదు. దొరకు తోచిందే చెప్పేవాడు. గుమాస్తా దాన్ని ఎర్రగుడ్డ చుట్టిన లావుపాటి పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఊరంతా తలలూపేది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.

మొదటిసారి దాన్ని పూర్తిగా చదివినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చదివి నిర్ఘాంతపోయాను. పదకొండు ఊళ్ళను ఏలినవాళ్ళు ఒక్కసారి, పొరపాటున కూడా, సరైన మాట చెప్పలేదు.

మోటారు బండి పిల్లల ఆట అనీ, త్వరలోనే జనం వాటిలో కోళ్ళను మూసి పెట్టుకుంటారనీ మా ముత్తాత చెప్పాడు. ఆ ఏడే పద్నాలుగు గుర్రాలు కొన్నాడు. ఛాయ్ అనే కషాయం ఇంత వేడి దేశంలో నిలవదన్నాడు. శ్రీరాంపూర్ వైపు మాకు పెద్ద మెట్ట చెలక ఒకటి ఉండేది. అక్కడ తవ్వితే నల్ల రాయి దొరుకుతోందని కబురు వస్తే, పక్కనే టేకు అడవి ఉండగా కంపు కొట్టే రాయిని ఎవడు కాలుస్తాడని నవ్వి, ఆ చెలక ఇచ్చేసి ఒక జత ఎద్దులను తెచ్చుకున్నాడు. మంచి ఎద్దులేనట. ఇప్పటికీ బస్సు నస్పూర్ దాటేటప్పుడు, బొగ్గు గని డ్యూటీ దిగి తలమీద లైటుతో నడిచి వచ్చే కార్మికులు ఒకవైపు కనబడితే, నేను రెండో వైపు కిటికీలోంచి చూస్తాను.

మా తాత టెలిఫోను గురించి చెప్పాడు. గట్టిగా అరిస్తే వినబడనంత దూరంలో మన ఊళ్ళో ఎవరూ లేరు కనుక ఆ తీగ ఇక్కడికి రాదన్నాడు. మా బాపు చెప్పింది ఒకే ఒక్క మాట. అప్పటికి వినేవాళ్ళు పదిమంది కూడా లేరు. దుబాయ్ పోయినవాళ్ళు ఆరు నెలల్లో తిరిగి వస్తారు, ఎడారిలో వరి పండదు, వరి లేనిచోట మనవాళ్ళు ఉండరు, అన్నాడు. ఇవాళ మా ఊళ్ళో గల్ఫ్‌లో ఒక మనిషైనా లేని ఇల్లు వెతకాలంటే పూట పడుతుంది.

ఇవన్నీ క్లాసులో చెప్పేవాణ్ని, ఎవరివో చెప్పకుండా. పిల్లలు విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అది తప్పిందని నేను ఒప్పుకోలేదు. ఆలస్యమైందని అనుకునేవాణ్ని.

ఆ మాట ఇది: రైలు మన ఊరికి వస్తుంది, గడీ దర్వాజ ఎదుట ఆగుతుంది.

చెప్పి ఊరుకోలేదు మా ముత్తాత. ఆ ఏడాదే గడీ ఎదుట చెక్కిన బండలతో రెండు వందల అడుగుల ప్లాట్‌ఫారం కట్టించాడు. దాని మీద టేకు బల్ల, దాని పక్కన కంచు గంట. మందపాటి అట్టముక్కల మీద మా ఇంటి ముద్ర కొట్టించి టికెట్లు తయారు చేయించాడు. మా ఇంటివాళ్ళకు ఒకటో తరగతి, మిగతా అందరికీ మూడో తరగతి. రెండో తరగతి ఎవరికీ పెట్టలేదు. టికెట్ లేకుండా ప్లాట్‌ఫారం ఎక్కినందుకు ఒక రైతును మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టారని పుస్తకంలో ఉంది. రైలు లేదు, పట్టాలు లేవు, కానీ టికెట్ ఉండాలి!

గంట కొట్టడానికి ఒక మనిషిని పెట్టారు. ఖాకీ కోటు, ఒక ఎర్ర జెండా, ఒక పచ్చ జెండా ఇచ్చారు. రైలు వచ్చేనాటికి అలవాటు కావాలని రోజూ రెండుసార్లు గంట కొట్టి, ఎదురుగా ఉన్న జొన్న చేనుకు పచ్చ జెండా చూపేవాడు. రైలు మంచిర్యాల మీదుగా పోయిందని తెలిశాక కూడా ఆపమని ఎవరూ అనలేదు, అతను ఆపలేదు. ఏళ్ళ తరబడి మొదటి బండి గంటకు ఊరివాళ్ళు నాగళ్ళు కట్టారు, రెండో బండి గంటకు విప్పారు. మా పెద్ద మేనత్త జాతకంలో పుట్టిన సమయం దగ్గర 'రెండో బండి వెళ్ళిన కొంతసేపటికి' అని ఉంది. ఎన్నడూ రాని రైలును బట్టి అయ్యగారు లగ్నం కట్టాడు, ఆ లగ్నాన్ని బట్టి పెళ్ళి చేశారు. చరిత్రలో నేను చదివిన వింతలన్నీ దీని ముందు చిన్నవే.

పుస్తకంలో ఆ గంట మనిషి పేరు ఎదుట 'నౌకరీ ఇవ్వబడింది' అని ఉంటుంది. ఈ ప్రాంతంలో మొదటి రైలు నౌకరీ మా ఇంటివాళ్ళే ఇచ్చారని నాకు లోపల ఒక గర్వం ఉండేది.

మొన్న ఎండాకాలంలో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆ గంట మనిషి మనవడే. మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి వచ్చి, బస్సు ఆగేచోట ఛాయ్ హోటల్ పెట్టుకున్నాడు.

"సార్, రైలు సర్వే అచ్చింది. గడీ కాడ జెండాలు పాతుతున్నరు. జర జెల్ది రాండ్రి" అన్నాడు.

ఫోన్ పెట్టేసి మా ఇంటామెతో అన్నాను: "వస్తుందని చెప్పలేదా?"

"మీ ముత్తాత చెప్పిండు. మీరెక్కడ చెప్పిన్రు?" అందామె. "అచ్చే రైలు ఇయ్యాల్నే రాదు గని, సద్ది కట్టిస్త పట్టుకపోండ్రి. గా షేర్వాణీ ఎందుకు తీస్తున్రు? ఎండ ఎట్లున్నదో చూసిన్రా?"

షేర్వాణీ వేసుకునే పోయాను. ఎర్రగుడ్డ పుస్తకాన్నీ, ఒకటో తరగతి టికెట్ ఒకదాన్నీ వెంట పెట్టుకున్నాను. మంచిర్యాలలో బస్సు మారేటప్పుడు నన్ను చూసి ఎవరో ఏ పెళ్ళికని అడిగారు.

ప్లాట్‌ఫారం దగ్గర మూడు కాళ్ళ యంత్రం పెట్టుకుని ఒక అమ్మాయి కొలతలు తీస్తోంది. సర్వే బృందానికి ఆమే పెద్ద. నా విద్యార్థులలో చివరి బ్యాచ్ వయసు ఉంటుంది.

"సార్, జర పక్కకు జరుగుతరా? అడ్డమొస్తున్నరు" అంది.

నేను ఎవరినో చెప్పాను. నమస్కారం పెట్టింది. తర్వాత బండల వైపు చూపించింది. "ఇవి మీవేనా? మంచిగయింది. మా రైలు గీత సీదా వీటి మీదికెళ్ళే పోతది. ఇవి తీసేయాలె సార్."

"తీసేయడమేమిటి? ఇది స్టేషన్."

"ఏ స్టేషన్?" ఆమె చేతిలోని ట్యాబ్‌లో అటూ ఇటూ వెతికింది. "మా మ్యాపుల ఏం లేదు సార్."

నేను టికెట్ తీసి చూపించాను. రెండు వైపులా తిప్పి చూసి, ఫోటో తీసుకుని, జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"సార్, మా దగ్గర రెండు గీతలున్నయి. ఒకటి గిట్ల, ఈ బండల మీదికెళ్ళి. ఇంకోటి వాగు అవతల, పక్క ఊరి మీదికెళ్ళి. ఈడ భూమి మీది. మీరు వద్దంటే వద్దన్నరని రాసి పంపుత. అప్పుడు ఆ గీతనే ఖాయమైతదనుకుంట."

"రైలు మా ఊరికి రావాలి. ఈ ప్లాట్‌ఫారం ముందే ఆగాలి. ప్లాట్‌ఫారం జరగదు. మీ గీతనే జరపండి."

"గీత నా చేతిల లేదు సార్. రాయమంటరా?"

"రాసుకోండి" అన్నాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటామని చెప్పి ఆమె మళ్ళీ యంత్రంలోకి వంగింది.

హోటల్‌కు వచ్చి కూర్చున్నాను. అతను ఛాయ్ తెచ్చి ముందు పెట్టాడు. జరిగింది చెప్పాను. మా ముత్తాత మాటను నేను నిలబెట్టానన్న ధోరణిలోనే చెప్పాను.

అతను నా ముఖంలోకి అలాగే చూశాడు. "ఏమన్నరు సార్? ప్లాట్‌ఫారం జరగదన్నరా?"

"అవును."

"యా అల్లా!" మస్కట్ నుంచి తెచ్చుకున్న అలవాటు అది. అతను ముస్లిం కాదు, అతనిది నేతపని ఇల్లు. "అచ్చం గదే మాట! మా తాత చెప్పేటోడు. ఇంగ్లీషు ఇంజినీరు గుర్రం మీద గీడికే అచ్చిండట. రైలు గింత వంకర తిరగదు, మీ ప్లాట్‌ఫారం గుట్ట అవతలికి జరుపుకుంటే బండి ఈడికే అస్తదని అన్నడట. దొర బల్ల మీద కూసుండి, ప్లాట్‌ఫారం జరగది, నీ రైలే జరగాలె అన్నడట. జరిగింది. మంచిర్యాలకు జరిగింది!"

పక్క బల్ల మీది ముసలాయన ఛాయ్ పొలమారి దగ్గాడు. "గడీల మాట మారదుపో. రైళ్ళే మారుతయి" అన్నాడు.

నేను పుస్తకం విప్పాను. రైలు గురించి మాట ఉన్న పుటకు రెండు పుటల అవతల ఒక వాక్యం ఉంది: ఇంగ్లీషు ఇంజినీరు మూర్ఖుడు, తిరిగి వస్తాడు. దాన్ని వందసార్లు చదివి ఉంటాను. ఆ ఇంజినీరు మా ఊళ్ళో ఏం చేస్తున్నాడని ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పిన నాకు ఒక్కసారీ తట్టలేదు. మా ముత్తాత మాట తప్పలేదు. రైలు నిజంగానే వచ్చింది. గడీ దర్వాజ దాకా వచ్చి, ఆయన నోటి మాట విని వెనక్కి పోయింది. పుస్తకం మూశాను.

ఏదో ఒకటి అనాలని, "మీ తాతకు మాత్రం ఆ నౌకరీ ఉండెగా" అన్నాను.

"నౌకరీయా?" అతను తువ్వాల భుజం మీద వేసుకుని నా ఎదుట కూర్చున్నాడు. అంతకుముందు ఎప్పుడూ నా ఎదుట కూర్చోలేదు. "సార్, గది వెట్టి. ఒక్క గింజ ఇయ్యలే. మగ్గం వదిలిపెట్టి దినాం రెండుసార్లు అచ్చి కొట్టిండు. ఒకపారి జరమొచ్చి రాకుంటే మా నాయనమ్మ అచ్చి కొట్టింది, కోటు ఏస్కొని. బాంచెన్ దొరా, ఇగ రైలు రాదు గద, నన్ను ఇడువుండ్రి అని మొక్కితే, వచ్చేదాకా కొట్టు అన్నడట. మీకు ఎర్క లేదా?"

"తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు. 'నౌకరీ ఇవ్వబడింది' అని రెండే మాటలు. ఆ రెండు మాటల మీద నేను ఎంత ఎత్తున కూర్చున్నానో అప్పుడు చూసుకున్నాను. ఛాయ్ మీద మీగడ కట్టింది.

"ఇప్పుడు రైలొస్తే మీకేమన్న లాభమా?" అని అడిగాను.

"నాకా? గీ హోటల్ స్టేషన్ల హోటల్ అయితది. మల్ల మస్కట్ పోవుడు తప్పుతది. వాగు అవతలికి పోతే వచ్చే నెల వీసా చూసుకోవాలె. ఫికర్ వద్దు సార్, మీ భూమి మీ ఇష్టం."

అతను ఆ మాట దెప్పుతూ అనలేదు. నేను లేచి మళ్ళీ ప్లాట్‌ఫారం దగ్గరికి నడిచాను. షేర్వాణీ వీపుకు అంటుకుపోయింది. సర్వే అమ్మాయి యంత్రాన్ని పెట్టెలో సర్దుతోంది.

"అమ్మా, ఇందాక నేను చెప్పింది కొట్టేయండి."

"కొట్టేసి ఏం రాయాలె సార్?"

"బండలు తీసేస్తానని రాయండి."

ఆమె రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. మా ఇంటివాళ్ళు ఒకరికి లొంగి సంతకం పెట్టిన కాగితం నాకు తెలిసి అదొక్కటే. "రైలు ఖాయమేనా?" అని అడిగాను. "గది మేము చెప్పలేం సార్" అంది. ఈ సంగతుల్లో నేను విన్న తెలివైన జవాబు అది.

గంటను విప్పించి హోటల్‌కు తీసుకొచ్చి అతని ముందు పెట్టాను. "ఇది మీ తాతది. ఉంచుకో" అన్నాను.

"ఉత్తగ ఒద్దు" అన్నాడు.

"నేను ఇస్తున్నాను కదా."

"మీరిచ్చుడు, మేం తీస్కునుడు మా తాతతోనే అయిపోయింది సార్. మా తాత ఉత్తగ కొట్టిండు. నేను ఉత్తగ తీస్కోను. ధర చెప్పుండ్రి, కొనుక్కుంట."

ధర చెప్పడం నాకు చేతకాలేదు. పక్క బల్ల ముసలాయన చెప్పాడు. ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ తర్వాతి ఉగాది నాటికీ రైలు సంగతి తేలలేదు. ఎర్రగుడ్డ పుస్తకం తీశాను. రైలు వస్తుందా రాదా అని రాయబోయి, ఏమీ రాయకుండా మూసేశాను. గంట అప్పటికే హోటల్ అతనిదైంది. టేకు బల్లను, ప్లాట్‌ఫారం బండలను చెన్నూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒక టీచరుకు అమ్మాను.