ఆపితే లేవని బండి

ఆ రోజుల్లో మా అత్తవారింట్లో ఎక్కడికైనా గంట ముందు బయల్దేరేది నేనొక్కదాన్నే. కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చిన ఈ కొత్త కోడలికి వాళ్ళు పెట్టిన పేరు 'గడియారం' (ముఖం మీద అనేవాళ్ళు కాదు, పక్కగదిలోంచి వినపడేట్టు). అలాంటి నాకు మిర్యాలగూడ బడిలో టీచరుగా చేరమన్న ఆర్డరు ఆఖరి రోజు మధ్యాహ్నం అందింది. ఐదులోపు సంతకం పెట్టకపోతే ఉద్యోగం జాబితాలో నా తర్వాతి మనిషికి పోతుంది. బస్సులో వెళితే నాలుగున్నర దాటాక గానీ చేరేట్టు లేదు. "నా బండి మీద రా వదినా, లారీలన్నీ ఎనక పడతయ్ సూడు" అన్నాడు మా మరిది. తన చిన్న మోటారుసైకిలుకు జోరు పెరగాలని అప్పుడే ఇంజను హెడ్డు అరగదీయించుకొచ్చాడు.

లారీలు నిజంగానే వెనకబడ్డాయి. సగం దారిలో కాలిన వాసన మొదలైంది.

"వేడెక్కింది వదినా. జర సల్లారాలె."

"అయితే ఆపు."

"ఆపితే మళ్ళ లేవదు. హెడ్డు అరిగినంక కిక్కు బిగుసుకుంది, నా బరువుకు దిగుతలేదు. షెడ్డుల మెకానిక్కే తొక్కిచ్చిండు."

"ఆపకపోతే?"

"పిస్టన్ పట్టేస్తది."

"ఈ ముక్క ఇంటి దగ్గర చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు బస్సెక్కుదువు."

మిర్యాలగూడ పొలిమేరలో, ఒక రైసుమిల్లు ముందు, ఆపాలో వద్దో ఇంజనే తేల్చేసింది. వెనక చక్రం బిగుసుకుని బర్రున జారి ఆగాం. నేను వదిలేసిన బస్సు తాపీగా మమ్మల్ని దాటిపోయింది. నాకు చేతులు చల్లబడ్డాయి, ఇంజను మాత్రం చల్లబడదు. ఎట్టకేలకు చల్లబడ్డాక మరిది కిక్కు మీదికి ఎగిరాడు, అది అతన్నే ఎగరేసింది. మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన చూసి చూసి వచ్చి, "లెవ్ తమ్మీ" అని ఒక్క తొక్కు తొక్కాడు. బండి గర్జించింది.

"అన్నా, నువ్వు గూడ రారాదు, బడికాడ ఆగితే మళ్ళ నువ్వే కావాలె" అన్నాడు మరిది. ఆయన నవ్వి బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరు గది కిటికీ కింద ఆ బండి అరుస్తుండగానే నేను కలం తీశాను. "ఆ సప్పుడు బంద్ చెయ్యమనమ్మా" అన్నారాయన. "ఆపితే లేవదండి" అన్నాను. "బండినే ఆపలేనోళ్ళు పిల్లల లొల్లి ఎట్ల ఆపుతరు?" అంటూనే సంతకం చోటు చూపించారు. సంతకం పెట్టేసరికి గోడ గడియారంలో ఐదు ఇంకా కాలేదు.

బయటికొస్తే, "నువ్వు బస్సుల పో వదినా, నేను మెల్లగ వస్త" అన్నాడు మరిది, మొదటిసారి బుద్ధిగా. బస్టాండు పక్కనే ఉంది, బస్సూ ఉంది. నేను కొంగు బిగించి బండే ఎక్కాను. ఇప్పుడు ఆటో ఎక్కాలన్నా ముందు టైర్లు వంగి చూస్తాను. ఆ సాయంత్రం దేన్నీ చూడకుండా ఎక్కిన ఆ పిల్ల గుర్తొస్తే, వంగినదాన్ని వంగినట్టే ఉండి కాసేపు నవ్వుకుంటాను.