పాలజగ్గు ఆగిన చోటు

రేవిన్ పోహాటు కింద ఒక్క మనిషి కూడా పనిచేయడు. ఎవరి జీతం పెంచే అధికారమూ ఆమెకు లేదు, ఎవరి సెలవు ఆపే అధికారమూ లేదు. అయినా హామిల్టన్‌లోని మా పాల సహకార సంఘంలో తొమ్మిది జట్లు, నూట పది మంది ఒక దారిన నడవాలంటే ఆమే దిక్కు. ఉద్యోగపత్రంలో ఆమె పదవికి పొడుగాటి పేరుంది కానీ చేసే పని ఒక్కటే. ఎవరి పని ఎవరి పనికి అడ్డం తగులుతుందో ముందే పసిగట్టి, ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం.

సాఫ్ట్‌వేర్ పనిని చిన్న జట్లుగా, కొన్ని వారాలకొక విడతగా చేసే ఈ పద్ధతిని ఎజైల్ అంటారు. దాని పేరుతో గోడలకు అంటించే మంచిమాటలకు మా ఆఫీసులో కొదవ లేదు. లిఫ్టు పక్కన 'ఇక్కడ నిర్భయంగా మాట్లాడండి' అని ఒక పోస్టరుంది. నిర్భయంగా మాట్లాడేవాళ్లు ఉన్న చోట ఆ పోస్టరుతో పనేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రేవిన్‌కి యాభై ఆరేళ్లు. అందరూ 'రే' అని పిలుస్తారు. కంప్యూటర్ల మనిషి కాదు. పందొమ్మిదేళ్లు చెవికి ఫోను తగిలించుకుని పాల ట్యాంకర్లను ఏ ఆవుల ఫారానికి ఎప్పుడు పంపాలో చెప్పిన మనిషి. అప్పట్లో ఒక ఆగస్టులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆవులన్నీ ఈనిన నెల, ఫారాల్లో పాలు నిల్వ చేసే తొట్లు పొంగే నెల. ట్యాంకర్లేమో ఖాళీ తొట్ల దగ్గరికి వెళ్లాయి. నిండిన తొట్లున్న ముప్పై ఒక్క మంది రైతులు పాలను పేడనీళ్ల గుంటల్లోకి వదిలేశారు. ఆ మూడు రోజులూ ఫోన్లెత్తింది రేవిన్. అందరూ తిట్టారు, ఒక్కడు తప్ప. "రే, వాల్వు తిప్పుతున్నా. విను" అని ఆ రైతు ఫోనును పాలు పారే చోట పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పెట్టేయలేదు, చివరిదాకా విన్నది.

ఈ జూన్‌లో మళ్లీ అదే పని మా నెత్తిన పడింది. ట్యాంకర్లకు దారి చెప్పే కొత్త వ్యవస్థ జులై ఇరవైన మొదలవ్వాలి. ఈ పనంతటికీ అధిపతి అయిన గ్రేమ్ హాలిస్టర్ ఆ తేదీని డైరెక్టర్ల బోర్డుకు ముందే చెప్పేశాడు. రేవిన్ కాంట్రాక్టు జూన్ ముప్పైతో అయిపోతుంది. దాన్ని ఇంకో ఏడాది పొడిగించే సంతకం కూడా గ్రేమ్‌దే.

పది వారాలకొకసారి నూట పది మందిమీ ఒక హాల్లో రెండు రోజులు కూర్చుని రాబోయే పనిని పంచుకుంటాం. ఈసారి రేస్‌కోర్సు పక్కన ఫంక్షన్ హాలు. గోడ నిండా జట్ల పని రాసిన చీటీలు. ఒక జట్టు పని ఇంకో జట్టు మీద ఆధారపడితే ఆ రెండు చీటీల మధ్య ఎర్ర ఉన్నిపోగు కట్టాలి. ఉన్ని రేవిన్ చెల్లెలిది, స్వెట్టర్ సగంలో మానేశాక మిగిలింది.

రెండో రోజు ఉదయం, కిటికీల బయట ఇక్కడి జూన్ చలికాలపు పొగమంచు ఇంకా విడవకముందే, రేవిన్ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ట్యాంకర్ల దారులు నిర్ణయించే జట్టును నడిపే ప్రూ లాటిమర్ దగ్గరికొచ్చింది.

"ఏం ప్రూ, మీ బల్లకీ టాబ్లెట్ల బల్లకీ మధ్య ఒక్క పోగూ లేదేం? విడాకులు తీసుకున్నారా?"

"అంత అన్యోన్యంగా ఉన్నాం రే! మధ్యలో దారాలెందుకు?"

ట్యాంకరు డ్రైవర్ల చేతిలో ఉండే టాబ్లెట్లు చూసే జట్టులో మలకై ఫిఫీటాను కూడా అడిగింది. టోంగా నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. "అంతా బాగానే ఉంది ఆంటీ" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

మధ్యాహ్నం టీ దగ్గర గ్రేమ్ ఆమెను పక్కకు పిలిచాడు. చేతిలో సాసేజ్ రోల్.

"నాలుగింటికి ప్లాను మీద ఓటు కదా. సగటు మూడు దాటితే ముందుకే. అదేగా రూలు?"

"అదే రూలు."

"మరి ఆ మొహమేంటి, పుల్లటి ఫీజోవా పండు కొరికినట్టు?"

"గోడ మీద ఒక చోట ఉన్ని లేదు గ్రేమ్. ఉండాల్సిన చోటు."

"ఉన్ని సంగతి మీ చెల్లెల్ని అడుగు." నవ్వి, చేతులు దులుపుకున్నాడు. "నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది. శుక్రవారం సంతకం పెట్టేస్తా. ఇవాళ్టికి మాత్రం గొడవ చెయ్యకు, సరేనా?"

ఆమె తన కప్పు కడిగి పెట్టింది.

నాలుగింటికి అందరం లేచి నిలబడ్డాం. మా ఓటు చేతివేళ్లతో. ఐదు వేళ్లెత్తితే ఈ ప్లాను నూటికి నూరుపాళ్లు జరుగుతుందని, ఒకటెత్తితే జరిగే పని కాదని. ఒకటో రెండో ఎత్తినవాళ్లు ఎందుకో అందరి ముందూ చెప్పాలి. నోరు విప్పించడానికి పెట్టిన ఈ నియమమే నోళ్లు కుట్టేసింది. మా హాల్లో మూడు వేళ్లంటే ఒక మోస్తరు నమ్మకమని కాదు, నన్నేమీ అడక్కండని. నేనూ మూడే ఎత్తాను.

రేవిన్ బల్లల మధ్య నడుస్తూ లెక్కపెడుతోంది. మలకై చెయ్యి లేచింది. రెండు వేళ్లు. గ్రేమ్ మెడ అటు తిరిగింది. మలకై మూడో వేలు లేచి మిగతా రెండింటి పక్కన నిలబడింది. అంతా అర క్షణం. చూసింది నేనూ, రేవినూ.

అతన్ని పేరు పెట్టి అడగొచ్చు. అడిగితే 'లేదు, మూడే' అంటాడు. అతని శాశ్వత నివాస దరఖాస్తు ఈ ఉద్యోగానికే ముడిపడి ఉందని హాల్లో అందరికీ తెలుసు. అడగకపోతే జులై ఇరవై, ఆ తర్వాత ఆగస్టు.

"సగటు మూడున్నర!" గ్రేమ్ చప్పట్లు కొట్టాడు. "శభాష్, బయల్దేరుతున్నాం!" కుర్చీలు కదిలాయి. బ్యాగుల జిప్పులు లాగుతున్న చప్పుడు.

రేవిన్ చెయ్యెత్తింది. ఒక్క వేలు.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"రే," గ్రేమ్ గొంతు ఇంకా నవ్వుతూనే ఉంది, "ఓటు నడిపేవాళ్లకి ఓటుండదు."

"ఉండదు. చెయ్యుంది కదా."

"సరే, ఒకటెత్తావుగా. కారణం చెప్పు."

"తెలీదు. తెలుసుకోడానికి ఇరవై నిమిషాలివ్వండి."

"ఐదింటికి పిల్లల్ని తెచ్చుకోవాలి రే!" వెనక నుంచి ఎవరో.

"అయితే త్వరగా కానిద్దాం." టీ బల్ల మీది పాలజగ్గు తీసుకుంది. సగం నిండి ఉంది. "ఇవి పాలు. మంగకురి లోయ చివర నెవిల్ డ్రైస్‌డేల్ ఫారంలో ఉన్నామనుకోండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, గేటు దగ్గర కుక్కుంటుంది. జగ్గు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మీ పని అయ్యాక ఎవరికివ్వాలో వాళ్లకే ఇవ్వండి. కింద మాత్రం పెట్టకూడదు."

"కుక్క పని ఏ జట్టుది?" అన్నారెవరో. నవ్వులు. గ్రేమ్ నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు.

జగ్గు ముందుగా తొట్ల జట్టు చేతికి వెళ్లింది. "తొట్టి నిండింది, ట్యాంకరు కావాలని చెప్పాం." వాళ్లు ప్రూకి ఇచ్చారు. "ట్యాంకరు పంపాం." ప్రూ మలకైకి ఇచ్చింది.

"డ్రైవరు పాలు ఎక్కించుకున్నాడు," అన్నాడు మలకై. "లెక్క టాబ్లెట్‌లో పడింది. సిగ్నల్ లేదు కాబట్టి బయటికి పోదు. రోడ్డెక్కాక పోతుంది. మూడు గంటలు పట్టొచ్చు."

"తర్వాత?" రేవిన్ అడిగింది.

మలకై జగ్గు పట్టుకుని రెండడుగులు వేసి ప్రూ ముందు ఆగాడు. ప్రూ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకెందుకిస్తున్నావు? లెక్క ఆలస్యమవుతుందని మీ టాబ్లెట్ ముందే మాకు చెబుతుంది కదా?"

"చెప్పదు. మీరే ఆగుతారని..."

"ఆగాలని మాకెవరు చెప్పారు? రెండు గంటల్లో లెక్క రాకపోతే తొట్టి ఇంకా నిండుగానే ఉందనుకుంటాం. ఇంకో ట్యాంకరు పంపేస్తాం."

"ఆ ఇంకోది ఏ ఫారానికి వెళ్లాల్సింది?" అంది రేవిన్.

ప్రూ జగ్గు వైపు చూసింది. "నిజంగా తొట్టి నిండిన ఫారానికి," అంది.

జగ్గు మలకై చేతిలోనే ఉంది. కింద పెట్టకూడదు, ఇవ్వడానికి మనిషి లేడు. జగ్గు ఒక పక్కకి ఒరిగి, పాలు అతని చొక్కా చేతి మీద ఒలికాయి.

"లోయల్లో ఇలాంటి ఫారాలెన్ని?"

"నూట నలభై రెండు," అన్నారు తొట్ల బల్ల నుంచి.

"అబ్బా, అది రెండో దశలో చూద్దామనుకున్నాం కదా!" అన్నాడు గ్రేమ్.

హాలు మొత్తం అతని వైపు తిరిగింది. అంటే ఈ సంగతి అతనికి ముందే తెలుసు. ఎవరో చెప్పారు. మలకై తడిసిన చేతినే చూసుకుంటున్నాడు. ఎవరు చెప్పారని రేవిన్ అడగొచ్చు. అడగలేదు.

"రెండో దశ ఎప్పుడు గ్రేమ్?"

"అక్టోబరు."

"ఆవులు ఆగస్టులో ఈనుతాయి." అంతే అంది. గొంతు పెంచలేదు. "మళ్లీ ఓటేద్దాం."

ఈసారి ఎవరూ పక్కవాళ్ల చేతులు చూడలేదు. ఒకట్లు, రెండ్లు. నావి రెండు. గ్రేమ్ మొహం ఎర్రబడి, మెల్లగా మామూలు రంగుకొచ్చింది. అతను చెడ్డవాడేం కాదు, బోర్డుకు మాటిచ్చినవాడు. అలాంటివాళ్లతోనే ఎక్కువ ప్రమాదం. గోడ దగ్గరికెళ్లి చీటీలన్నీ ఒకసారి చూసి, తన నిర్ణయం చెప్పాడు. మైదానంలోని ఫారాలకు జులై ఇరవై నుంచే కొత్తది. లోయల్లోని నూట నలభై రెండింటికీ అక్టోబరు దాకా పాత పద్ధతే, కాగితమూ ఫోనూ. తర్వాత కారు పార్కింగ్‌లోకి వెళ్లి బోర్డుకు ఫోన్ చేశాడు. అద్దాల్లోంచి అతని చెయ్యి ఊగడం కనిపించింది.

అందరూ వెళ్లాక రేవిన్ జగ్గు కడుగుతుంటే మలకై తుడిచే గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"నన్నెందుకు అడగలేదు ఆంటీ?"

"అడిగితే ఏమనేవాడివి?"

"మూడు అనేవాణ్ణి."

"మరింకెందుకు? సరిగ్గా తుడువు, అడుగున తడుంది."

శుక్రవారం రేవిన్ కాగితం వచ్చింది, సంతకంతోనే. ఏడాదికి కాదు, మూడు నెలలకు. సెప్టెంబరు ముప్పై. లోయలకు కొత్తది వెళ్లే అక్టోబరు నాటికి ఆమె ఉండదు. లిఫ్టు పక్కన ఆ పోస్టరు ఇంకా ఉంది.

ఆగస్టులో తొట్లు పొంగాయి. ఎవరూ పాలు పారబోయలేదు. పారబోయని పాల గురించి ఎవరూ ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పరు కాబట్టి ఆ నెల ఆమె ఫోను మోగలేదు. నెలాఖరున అదే హాల్లో మళ్లీ రెండు రోజులు కూర్చున్నాం. రెండో రోజు నాలుగింటికి చేతులు లేచాయి.

మలకైవి రెండు వేళ్లు. గ్రేమ్ మెడ అటు తిరిగింది. మూడో వేలు కదిలింది. కదిలి, మళ్లీ అరచేతిలోకి మడుచుకుంది.

"చెప్పు మలకై," అంది రేవిన్.

అతను లేచాడు. గొంతు సవరించుకున్నాడు. చుట్టూ చూశాడు.

"ఆ జగ్గు ఒకసారి ఇస్తారా ఆంటీ?"