కైకలూరు బస్సులో మా అత్త పెట్టిన కేక

మొన్న మనవరాలికి బడిసంచి కొందామని తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు, కొట్లో వేలాడుతున్న సంచుల మధ్య ఆయన కనిపించాడు. అదే పచ్చ వల్లెవాటు, అదే బూడిదరంగు ముసుగు, గాలిలోకి చాచిన అదే పిడికిలి. పేరు చెప్పనక్కరలేదు, నా ఈడు వాళ్ళందరూ ఏదో ఒక మధ్యాహ్నం అన్నం చల్లారబెట్టుకుని ఆయన బొమ్మల పుస్తకం చదివినవారే. మనవరాలు తక్కిన సంచుల వంక చూడనైనా చూడకుండా ఆయన బొమ్మ ఉన్న సంచినే పట్టుకుంది. "మిగతా బొమ్మలు ఏడాదికొకటి మారిపోతాయండీ, ఈయనగారు మాత్రం మా నాన్నగారి హయాం నుంచీ అమ్ముడవుతూనే ఉన్నారండీ" అన్నాడు కొట్టతను. సంచి కొన్నాను కానీ, ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. మా అత్త గుర్తుకొచ్చింది.

అత్త అంటే మా నాన్నగారి చెల్లెలు. మా ఊరు ఉంగుటూరు దగ్గర. కాలవ కింద పొలం, ఇంటినిండా జనం, అందరికీ మా తాతయ్యగారి మాటే శాసనం. అత్తని కైకలూరు ఇచ్చారు. మావయ్య ఎంత మర్యాదస్థుడంటే పిల్లల్ని కూడా అండీ అని పలకరించేవాడు, ఇంట్లో మాత్రం తలుపులు వేసి అత్తని కొట్టేవాడు, అదీ వీపు మీదా జబ్బల మీదా తప్ప నలుగురికీ కనపడే మొహం మీద దెబ్బ పడనివ్వకుండా ఎంతో జాగ్రత్తగా కొట్టేవాడు. భరించలేనప్పుడు అత్త పుట్టింటికి వచ్చేసేది, కొన్నాళ్ళుంచుకుని మా వాళ్ళు నచ్చజెప్పి పంపేసేవారు. మా తాతయ్యగారు చెడ్డవారని ఊళ్ళో ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనరు.

అలా వచ్చిన రోజుల్లోనే మేమిద్దరం ధాన్యపు గదిలో బస్తాల మీద కూర్చుని ఆ బొమ్మల పుస్తకాలు చదివేవాళ్ళం. నాన్నగారు అవి నాకోసమే ఏలూరు నుంచి తెచ్చేవారు గాని, నాకంటే అత్తకే వాటి మీద మోజు. నిజానికి ఆ కథలన్నీ ఒక్కలాంటివే. ఎవరో దిక్కులేనివాళ్ళు రక్షించమని అరవడం, ఆ కేక ఏడు సముద్రాల అవతల ఉన్న ఆయన చెవిన పడటం, వల్లెవాటు రెపరెపలాడుతుండగా ఆయన వచ్చి వాలడం. ఆ వచ్చి వాలే పేజీ దగ్గర అత్త ఆగిపోయి, బొమ్మని వేలితో తడిమేది. "ఈయన అరిస్తేనే వస్తాడటే అమ్మడూ? నోరు నొక్కుకున్నవాళ్ళ దగ్గరికి రాడా?" అని ఒకసారి అడిగింది. అయితే అరవచ్చు కదత్తా అన్నాను. అప్పటికి నాకు పదేళ్ళుంటాయేమో.

ఆ వేసవిలో మావయ్య మిఠాయి పొట్లంతో వచ్చాడు. మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, ఆయనకి కాళ్ళకి నీళ్ళిచ్చి, కూతురి బట్టలు సంచిలో తనే సర్దింది. చీరల మధ్య అత్త దాచుకున్న పుస్తకం ఆయన కంటపడింది. బయటికి లాగి, వసారాలో అందరి ముందూ పేజీలు తిప్పి, "చూశారాండీ మావగారూ, మీ అమ్మాయిగారికి నేను చాలనంటండీ, ఈ ముసుగాయన కావాలంటండీ" అన్నాడు. తాతయ్యగారు నవ్వారు. నాన్నగారూ నవ్వారు. మామ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఆ పుస్తకాన్ని చింపలేదు, అత్త చేతికే ఇచ్చి, పైకి చదవమన్నాడు. అత్త చదివింది. కేకలు వేసే చోట నిజంగానే కేకలు వేయాలన్నాడు. వేసింది. మా ఇంటిల్లిపాదీ కళ్ళ నీళ్ళొచ్చేటట్టు నవ్వారు. అంత సరదాగా వాళ్ళందరూ కలిసి నవ్వడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

బడి సెలవులు కదాని అత్తకి తోడుగా నన్ను పంపారు. ఏలూరులో బస్సు మారి కైకలూరు బస్సెక్కాం. అప్పటికింకా ఆ దారిలో చేపల చెరువులు లేవు, చూసినంత మేరా కొల్లేటి నీళ్ళూ తుంగా పక్షులూ. మావయ్య నవ్వు మొహంతోనే పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ, కొంగు చాటున అత్త జబ్బ కండ పట్టుకుని మెలితిప్పుతున్నాడు. ఎదురు సీట్లో ఉన్న నాకు కనపడుతూనే ఉంది. ఉన్నట్టుండి అత్త లేచి నిలబడి, "బాబ్బాబు, కాపాడండి! ఇంటికి తీసుకెళ్ళి చంపేస్తాడండీ ఈయన!" అని అరిచింది. నేనూ అరిచాను. బస్సు నిండా జనం. వాళ్ళలో పంతులుగార్లూ రైతులూ బిడ్డల తల్లులూ ఉన్నారు. అందరూ తలలు దించుకున్నారు. కండక్టరు వచ్చి, సంసారం గొడవలు ఇంటికెళ్ళి చూసుకోమన్నాడు. మావయ్య అందరికీ దణ్ణం పెట్టి, "మనిషికి మతి సరిగ్గా లేదండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. అయ్యో పాపం అన్నారు, అత్తని కాదు, ఆయన్ని.

చేపల గంపలు ఎక్కించుకోవడానికి బస్సు ఆగినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని దిగిపోయింది. నలుగురి ముందూ వెంటపడటం మర్యాద కాదనుకున్నాడో ఏమో, మావయ్య సీట్లోంచి కదలలేదు. ఎదురొచ్చిన బస్సు పట్టుకుని సాయంత్రానికి ఊరు చేరాం. అత్త జరిగిందంతా చెబుతుంటే తాతయ్యగారు వసారాలో నిలబడి విన్నారు. విన్నాక నన్ను ఒక్కదాన్నే లోపలికి లాక్కుని గడియ పెట్టేశారు. అత్త తలుపు కొడుతూ, నాన్నగారూ అనీ, అమ్మా అనీ పిలిచింది. మామ్మ వంటింట్లో పులుసు పోపు పెడుతూనే ఉంది. కాసేపటికి తలుపు చప్పుడు ఆగింది.

తరవాత తెలిసింది, ఏలూరులో చిన్ననాటి స్నేహితురాలి పంచన చేరి, తివాచీలు నేసే పనికి కుదిరిందని. తాతయ్యగారు పోయినప్పుడు కడచూపుకి వస్తే వీధి గుమ్మం దాటనివ్వలేదు. నేను ఏలూరు కాలేజీలో చేరాక రహస్యంగా వెళ్ళి కలిసేదాన్ని. ఉన్ని ముళ్ళు వేసి వేసి ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాయి. గూట్లో మాత్రం పాత పుస్తకాల బండి మీద కొన్న ఆయన కథలు దొంతర్లుగా ఉండేవి. నాకు ఒళ్ళు మండింది. పిలిస్తే రానివాడి పుస్తకాలు ఇంకా ఎందుకత్తా అన్నాను. "రాడని ఆ బస్సులోనే తెలిసిందే. కానీ పిలవగానే వచ్చేవాడు ఎలా ఉంటాడో మర్చిపోతే, నేనూ మీ తాతయ్యలా అయిపోతానేమోనని భయం" అంది.

ఆవిడ పోయినప్పుడు నాన్నగారు వచ్చి, వీధిలోనే నిలబడి, చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ దారంతా చేపల చెరువులు, ఐసు లారీలు. ఆడపిల్లలు ఒంటరిగా ప్రయాణాలు చేస్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కాలం చాలా మారిందని నేనూ అందరితో పాటు అంటూ ఉండేదాన్ని. ఈ మధ్య కైకలూరు బస్టాండులో ఒకడు భార్యని జుట్టు పట్టుకుని ఈడుస్తుంటే ఆ పిల్ల అరిచింది. నేను వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను, ఈ వయసులో అంతకంటే చేతకాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "మామ్మగారూ, కొంచెం పక్కకి జరగండి, అడ్డం వస్తున్నారు" అన్నాడు ఒకబ్బాయి, ఎంతో మర్యాదగా. ఆనాడు బస్సులో వాళ్ళు తలలు దించుకున్నారు. అది సిగ్గేనని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు.