మా బావ వ్యాను ఆగిన ఇల్లు

మా బావ షీమె వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాడు. ఆ సంగతి వ్యానుకి రెండు పక్కలా ఎర్ర రంగుతో రాయించుకున్నాడు కాబట్టి, అది ఎక్కడ ఆగినా ఈ లోయలో అందరికీ తెలిసిపోతుంది. దొంగతనంగా ఏ పనీ చెయ్యడానికి వీల్లేని బండి అది. అయినా చేద్దామనుకున్నాడు మహానుభావుడు.

ఆయనకి రాతి పిచ్చి. సున్నపురాతి గోడ ఎక్కడ కనబడినా ఎక్కడానికి పనికొస్తుందా అని చూస్తాడు. మా అక్క నెవెంకతో పెళ్ళిలో తీసిన ఫోటోలో పెళ్ళికూతురు కెమెరా వైపు చూస్తుంటే, పెళ్ళికొడుకు చర్చి వెనకాల కొండ వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన వెతికి పట్టుకున్న గోడలన్నీ ఉత్తవే. ఒకటి బైనాక్యులర్స్‌లో బ్రహ్మాండంగా కనబడుతుంది. పొద్దంతా ముళ్ళపొదలు నరుక్కుంటూ వెళ్తే మా గొర్రెల దొడ్డి గోడంత ఉంటుంది. ఇంకోటి సుత్తితో కొడితే డొల్లగా మోగి, గుమ్మడికాయంత పెళ్ళ ఊడి కాళ్ళ దగ్గర పడింది. ఊళ్ళో కాఫీ పల్చగా ఉన్నా 'షీమె కొండలా ఉంది' అనేవాళ్ళం. ఆ మాట పుట్టించింది నేనే.

మొన్న శీతాకాలం పోయాక వ్యాను ప్రతి శనివారం కోసా అనే పల్లెలో లూత్సా ఇంటి ముందు ఆగడం మొదలైంది. లూత్సా భర్త పోయిన మనిషి, చూడ్డానికి బాగుంటుంది. వాషింగ్ మెషిన్ ఎంత పాతదైనా వారం వారం పాడవదు కదా. చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్ళు మా అక్కని చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. అక్క అడిగితే బావ నేల చూపులు చూశాడు. అక్క వారం రోజులు సరిగ్గా తినలేదు. శనివారం పొద్దున్నే నా కారెక్కి, "తోన్చీ, కోసాకి పోనీ" అంది.

లూత్సా తలుపు తీసి నవ్వింది. "రామ్మా లోపలికి. మీ ఆయన ఇక్కడ లేడు. ఎప్పుడూ ఉండడు. బండి ఇక్కడ పెట్టి, నా ఇంటి వెనక నుంచి కొండెక్కి, సాయంత్రం ఒళ్ళంతా గీరుకుని దిగుతాడు."

"మరి ఆ మాట ఊళ్ళో చెప్పవేం?" అంది అక్క.

"ఎందుకు చెప్పడం? మా ఆయన పోయాక నా గడప తొక్కినవాళ్ళు లేరు. ఇప్పుడు ఎవరో ఒకరు కేకు పట్టుకుని వస్తూనే ఉన్నారు, నా మొహంలో ఏం రాసుందో చూడ్డానికి. నీకు కష్టంగా ఉంటే ఈ రోజే చెప్పేస్తానమ్మా."

అక్క తిన్నగా ఇంటి వెనక్కి నడిచింది. కొండెక్కింది. వెనకే నేను, రొప్పుతూ.

చెట్లు దాటగానే గోడ కనబడింది. బూడిదరంగు మీద పసుపు చారలు, మా చర్చి గంటస్తంభానికి రెండింతల ఎత్తు, ఎక్కడా పగులు లేదు. నేను పుట్టించిన మాట నేనే మింగాను. దాని మధ్య తాడుకి వేలాడుతూ, చేతులు పట్టే చోట్ల మట్టి పోయేలా మా బావ టూత్‌బ్రష్షుతో రాయి తోముతున్నాడు. ఇంట్లో తిన్న కంచం తియ్యని మనిషి.

"ఊరంతా నా మీద జాలిపడుతుంటే నువ్విక్కడ రాయి తోముతున్నావా?" అని అరిచింది అక్క.

బావ కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు. "నీకు చెబితే మీ తమ్ముడికి చెప్తావు. వాడు కాఫీకొట్లో కూర్చుంటాడు. మర్నాడే ద్రాజెన్ వాళ్ళు డ్రిల్లులతో దిగిపోతారు."

అదీ నిజమే. ద్రాజెన్‌ది పట్నంలో కొండగోడలు ఎక్కేవాళ్ళ సంఘం, అందరూ కుర్రాళ్ళు. గోడకి తాడు తగిలించే బోల్టులు ముందు ఎవరు బిగిస్తే ఎక్కే దారులు వాళ్ళవి, వాటికి పేర్లు పెట్టేదీ వాళ్ళే. రెండు వారాల్లో కానిచ్చేస్తారు.

"జీవితంలో ఒక్కటి దొరికిందే నెవెంకా," అన్నాడు బావ. "పోనీలే. రేపు చర్చిలో పూజయ్యాక అందరి ముందూ చెప్పేస్తాను. నిన్ను ఇంత బాధపెట్టి నాకీ రాయెందుకు."

అక్క గోడ వైపు చాలాసేపు చూసింది. "ఇంకా ఎన్నాళ్ళు పని?" అని మాత్రం అడిగింది.

"ఒక్కణ్ణే కదా. వేసవి దాటాలి."

మర్నాడు పూజ ముగిసి జనం చర్చి ముందు నిలబడ్డారు. వాళ్ళమ్మని చూడ్డానికి ఊరొచ్చిన ద్రాజెన్ తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. "నెవెంకక్కా, షీమె బావ శనివారం శనివారం కోసా వెళ్తున్నాడట. అక్కడ రాయేమైనా ఉందా ఏంటి?"

చుట్టూ జనం దగ్గరికి జరిగారు. బావ చెప్పేద్దామని నోరు తెరిచాడు.

అక్క ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరంతా వినేలా అంది:

"రాయేముంది తమ్ముడూ అక్కడ. లూత్సా ఉంది. ఏం చెయ్యమంటావు, వేసవి దాటితే తగ్గుతుందంటున్నాడు."